అణువులో పడిన పురి

మామిడి కోతల దినములలో జి. కొండూరు తోటలకు పోయినవారికి పండుకంటె ముందుగా త్రాడు కంటబడును. చిక్కమును గడకు బిగించుటకు త్రాడు. కాయలు నింపిన గంపను కొమ్మమీదినుండి దింపుటకు త్రాడు. బండిమీద సరకు కదలకుండ కట్టుటకు త్రాడు. నైలాను వచ్చిన తరువాత కొబ్బరిపీచు త్రాళ్లు తగ్గినవి గాని బొత్తిగా పోలేదు. అట్టి పీచు త్రాటి నొకదానిని చేతబట్టి నిలువుగా వ్రేలాడనిచ్చి చూడుడు. మనవైపున నున్న పేటలు ఎడమ ప్రక్క క్రిందినుండి కుడి ప్రక్క పైకి ప్రాకుచున్నచో అది కుడి పురి. కుడి ప్రక్క క్రిందినుండి ఎడమ ప్రక్క పైకి ప్రాకుచున్నచో అది ఎడమ పురి. ఇప్పుడు త్రాటిని తలక్రిందు చేయుడు. పేటల వాలు ఏమియు మారదు. ఎటు త్రిప్పినను, ఎవరి చేతిలో నున్నను, కుడి పురి కుడి పురియే. అద్దములో చూచినప్పుడు మాత్రమే అది ఎడమ పురియై కనబడును.

ఆ త్రాటిలోనుండి ఒక పేటను విడదీసి చూచినచో వింత యొకటి కానవచ్చును. పేటకు కూడ పురి యున్నది. కాని అది త్రాటి పురికి ఎదురు. తోటలో త్రాళ్లు పేను ముసలి యాయన నొకరిని దీనికి కారణ మడిగితిని. "ఎదురు పురి ఎయ్యకపోతే నిలవదండీ, వదలగానే విచ్చిపోద్ది" అని ఆయన చెప్పెను. ఇంతకంటె క్లుప్తముగా నేను తరగతిలో చెప్పజాలను. పేట తన పురిని విప్పుకొనజూచును. త్రాడు తన పురిని విప్పుకొనజూచును. ఒకదాని ప్రయత్నము మరియొకదానిని బిగించును.

త్రాటికి పురి పెట్టినది మనుష్యుని చేయి. చేయి లేనిచోట నేమగును? ఒక ద్రావణమును పళ్లెములో పోసి ఆరబెట్టగా మిగిలిన పలుచని పొరలో, ఎవరును త్రిప్పకయే, లెక్కకు మిక్కిలియైన సన్నని స్ప్రింగులు ఒకే వైపునకు చుట్టుకొని యుండుటను 21వ శతాబ్దపు తొలి సంవత్సరములలో రసాయన శాస్త్రజ్ఞులు చూచిరి. ఆ పొరకు పురి పెట్టిన చేయి పొరలోని అణువులలోనే యున్నది. అయితే అణువునందలి పురి అంత పెద్ద రూపమువరకు ఎట్లు ఎగబ్రాకెను? ఉన్నది ఉన్నట్లుగానే పైకి పోవునా? త్రాటిలో వలె మెట్టుమెట్టునకు తిరగబడునా? నడుమ ఎక్కడనైన మాసిపోవునా? ఈ ప్రశ్నలకు ఇంతవరకు దొరికిన సమాధానములను ఇచ్చట చెప్పదలచితిని.

మొదట అణువునకు ఎడమ, కుడి ఎట్లు కలుగునో చూతము. ఉగాదికి ముందు మామిడి చెట్ల క్రింద పిందెలు విశేషముగా రాలియుండును. మా విద్యార్థులచేత వానినే ఏరించి కర్బన పరమాణువులుగా వాడించుచుందును. కొనితెచ్చిన ప్లాస్టిక్కు బంతులకంటె ఇవియే నయము; పాడైనను ఎవరును కోపపడరు. ఒక పిందెకు నాలుగు పుల్లలు నాలుగు దిక్కులకు సమాన దూరమున గ్రుచ్చవలెను. ఒక పుల్లను ఉత్తగా విడిచి, ఒకదానికి ఆకు తునక, ఒకదానికి వేపపూత, ఒకదానికి మట్టియుండ తగిలింపవలెను. ఇట్టి పిందెలు ఇద్దరు విద్యార్థులు విడివిడిగా తయారుచేసినచో, అవి రెండును ఒకటే కావచ్చును. లేదా ఒకటి రెండవదానికి అద్దములోని నీడ వంటిది కావచ్చును. రెండవ సందర్భమున ఎంత త్రిప్పినను ఒకదానిపై నొకటి సరిపోవు. ఏ రెండు పుల్లల చివరలైనను ఒకటే యైనచో ఈ భేదము వెంటనే మాయమగును. నాలుగును వేరువేరుగా నుండవలెను.

కర్బనమునకు నాలుగు చేతులు ఇట్లు నాలుగు మూలలకు చాచియుండునని 1874లో హాలెండు దేశీయుడైన వాంట్ హాఫ్, ఫ్రాన్సు దేశీయుడైన లె బెల్ విడివిడిగా ప్రతిపాదించిరి. దానికి 26 ఏండ్లకు పూర్వమే, 1848లో, పాస్చరు టార్టారికామ్లపు లవణ స్ఫటికములను భూతద్దము క్రింద పరీక్షించి ఎడమవి ఎడమకు, కుడివి కుడికి ఏరి వేరుచేసియుండెను. మన చింతపండు పులుపులోని ముఖ్యమైన ఆమ్లము ఆ టార్టారికామ్లమే. చేతుల వంటి యీ గుణమునకు 1893లో లార్డ్ కెల్విన్ 'కైరాలిటీ' అని పేరిడెను. గ్రీకు భాషలో చేయి అను అర్థ మిచ్చు పదమునుండి అది పుట్టినది. దానిని మనము చేతితన మందము.

పేర్లను గురించి ఒక చిన్న మాట. మనవారు దక్షిణావర్త శంఖమును మిక్కిలి అరుదైన దానినిగా ఎంచి పూజింతురు. జంతుశాస్త్రజ్ఞుడు అదే శంఖమును ఎడమ చుట్టు గలది యనును. ఇద్దరిలో ఎవరును పొరబడలేదు. అతడు మొనను పైకి పట్టి నోరు ఏ ప్రక్కనున్నదో చూచును. మనము మొనను క్రిందికి పట్టి చూతుము. పేరు మన పట్టునుబట్టి మారినను, ఆ శంఖము తక్కిన వేలకొలది శంఖములకు అద్దపు నీడ యను సంగతి మారదు. అణువుల విషయమునను ఇట్లే. పేర్లు పెట్టు పద్ధతులు పెక్కు కలవు. విద్యార్థులు వానితో తికమకపడి, భేదమే కల్పితమని అనుకొనరాదు. మన ముక్కు ఆ భేదమును ఎరుగును. పుదీనా వాసనకు ముఖ్య కారణమైన కార్వోను అను పదార్థము సోయికూర గింజలలోను కలదు. కాని పుదీనాలో ఒక చేతిది, సోయి గింజలలో రెండవ చేతిది. పరమాణువులు అవియే, వాని కూర్పు అదియే. వాసన మాత్రము వేరు.

మన కథకు కావలసిన అణువు పెరుగు కుండలో నున్నది. పాలు తోడుకొనునప్పుడు సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను లాక్టికామ్లముగా మార్చును. 1780లో షీలె అను స్వీడన్ దేశపు రసాయనజ్ఞుడు పులిసిన పాలనుండియే దీనిని వేరుచేసెను. దీని నడిమి కర్బనమునకు ఉదజని, హైడ్రాక్సిల్, మిథైల్, కార్బాక్సిల్ అను నాలుగు వేరువేరు భాగములు తగిలియుండును. మన పిందెకు సరిగా సాటి. కావున ఎల్-లాక్టికామ్లమనియు, డి-లాక్టికామ్లమనియు రెండు చేతులవి కలవు. శ్రమపడిన మన కండరములలో పుట్టునది ఎల్ జాతి. తోడులోని సూక్ష్మజీవులలో స్ట్రెప్టోకాకస్ థెర్మోఫిలస్ ఎల్ జాతిని చేయగా, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ డి జాతిని చేయును. ఆ రెండును కూడియున్న తోడుతో తోడుకొన్న పెరుగులో రెండు చేతులును ఉండును.

లాక్టికామ్లపు అణువులను వేలకొలది వరుసగా ముడివేసినచో పాలిలాక్టైడు అను పొడవైన గొలుసు ఏర్పడును. శస్త్రచికిత్సలో వేసి, తరువాత విప్పనక్కరలేకుండ దేహములో కరగిపోవు కుట్లలో ఈ జాతి పదార్థములు వాడుదురు. మొక్కజొన్న, చెరకు మొదలగువాని చక్కెరలను, ఏరి తెచ్చిన సూక్ష్మజీవులచేత పులియబెట్టించి, ఇంచుమించుగా ఎల్ జాతి ఆమ్లమునే తయారుచేసి, దానితో గొలుసు కట్టుదురు. ఇంత శ్రమ ఏల యనగా, రెండు చేతులును ఎట్లుబడిన అట్లు కలిసిన గొలుసు స్ఫటికముగా కుదురుకొనజాలదు. ఒకే చేతి గొలుసు చక్కగా కుదురుకొని సుమారు 175 డిగ్రీల వేడివరకు కరగక నిలుచును. ఎల్ గొలుసులను, డి గొలుసులను విడివిడిగా చేసి తరువాత కలిపినచో ఏమగునో 1987లో జపానులోని క్యోటోలో ఇకాడా, ఆయన సహచరులు పరీక్షించిరి. ఎడమ, కుడి గొలుసులు ప్రక్కప్రక్కన దట్టముగా ఒదిగి, 230 డిగ్రీల ప్రాంతమున గాని కరగని క్రొత్త స్ఫటికమైనవి. అనగా, చేతులు ఒకే గొలుసులో కలగాపులగముగ నున్నచో దౌర్బల్యము; గొలుసునకొక చేయిగా నుండి జతగూడినచో అదనపు బలము. ఒకే సరకు, కూర్పులో భేదము.

స్ఫటికములో ఎల్ గొలుసు తిన్నగా నుండదు, స్ప్రింగువలె చుట్టుకొనును. పది ముడులకు మూడు చుట్లు. ఆ పది ముడుల పొడవు సుమారు 2.9 నానోమీటర్లు. (మిల్లీమీటరులో పదిలక్షవ వంతు ఒక నానోమీటరు.) ఎల్ గొలుసుది ఎడమ చుట్టు, డి గొలుసుది కుడి చుట్టు. పురి మొదటి మెట్టు ఎక్కినది: పరమాణువు చుట్టునున్న అమరిక గొలుసు చుట్టుకొను దిక్కును నిర్ణయించినది.

ఇంత సులభమేనా యని అనుకొనకుండుటకు ఒక సంగతి చెప్పవలెను. ధ్రువిత కాంతిని ఎల్-లాక్టికామ్లము కుడివైపునకు త్రిప్పును. అదే చేతి ఆమ్లముతో కట్టిన గొలుసు ద్రావణము కాంతిని ఎడమవైపునకు, అదియు బలముగా, త్రిప్పును. నడిమి కర్బనము చేయి మార్చుకొనలేదు. దాని చుట్టునున్న బంధములును, అవి మెలికపడిన తీరును మాత్రము మారినవి. కావున క్రింది మెట్టును చూచి పై మెట్టును ఊహించి చెప్పుట ప్రమాదము. ఇది పరీక్షలలో మా విద్యార్థులు తరచుగా పడు గోతి, నేనును పడితిని.

ఇక రెండవ మెట్టునకు ముందు అంటు కట్టవలసి యున్నది. మామిడి రైతునకు అంటు మాట చెప్పనక్కరలేదు. నాటు టెంకనుండి మొలచిన మొక్కకు బంగినపల్లి కొమ్మను కట్టుదురు. క్రిందిది నాటుగానే యుండును. పైది బంగినపల్లిగానే యుండును. రెండును ఒక్క అంటుచోట మాత్రమే కలిసియుండును. పాలిమర్లలోను ఇట్టి అంట్లు కలవు. ఒక జాతి గొలుసు చివరను మరియొక జాతి గొలుసు చివరకు రసాయన బంధముతో కట్టినచో దానిని బ్లాకు కోపాలిమరు అందురు. (గ్రాఫ్టు పాలిమరు అను పేరుగల వేరొక జాతియు కలదు. అందు కొమ్మలు ప్రక్కలకు మొలచును. మన అంటు చివరకు చివర కట్టినది.) 1956లో మైకేల్ శ్వార్జ్ 'సజీవ' పాలిమర్ల పద్ధతిని చూపిన తరువాత ఇట్టివానిని కోరిన పొడవులలో కట్టుట సాధ్యమైనది. చెప్పుల అట్టలలో వాడు ఒక విధమైన రబ్బరు స్టైరీను, బ్యూటడయీనుల అంటుయే.

రెండు జాతుల పాలిమర్లు సాధారణముగా ఒకదానితో నొకటి కలియవు. ఆవకాయ జాడీలో నూనె పైకి తేరినట్లు విడిపోవును. కాని అంటు కట్టబడినవి విడిపోవుట ఎట్లు? ముడి విడదు, కలసి యుండుటకు మనసొప్పదు. ఉమ్మడి గోడకు చెరొక ప్రక్క కాపురము పెట్టిన అన్నదమ్ముల వలె, ఒక జాతి చివరలన్నియు ఒకచోట, రెండవ జాతి చివరలన్నియు వేరొకచోట చేరి, గొలుసు పొడవు అనుమతించునంత దూరము మాత్రమే ఎడమగును. ఆ దూరము కొన్ని పదుల నానోమీటర్లు. రెండు భాగములు సరిసమానముగా నున్నచో పొరలుపొరలుగా నిలుచును. ఒకటి కొంత తగ్గినచో అది స్తంభములుగా, మరింత తగ్గినచో చిన్న గుండ్లుగా, రెండవదాని నడుమ వరుస తప్పక అమరును. ఎవరును పేర్చనక్కరలేదు. దీనినే స్వయంసంయోజన మందురు.

ఇప్పుడు ఈ అంటులో ఒక ప్రక్క ఎల్ జాతి పాలిలాక్టైడును, రెండవ ప్రక్క పాలిస్టైరీనును కట్టుదము. థర్మోకోల్ పెట్టెలలోని పదార్థమే పాలిస్టైరీను. సాధారణముగా తయారగు పాలిస్టైరీను గొలుసునకు మొత్తముమీద ఎడమ కుడి భేదము లేదు. పాలిలాక్టైడు పరిమాణము సుమారుగా మూడింట ఒక వంతు ఉన్నచో, లెక్క ప్రకారము స్తంభములు రావలెను. తైవానులో రొంగ్-మింగ్ హో, ఆయన సహచరులు ఇట్టి అంటును ద్రావకములో కరగించి మెల్లగా ఆర్చి ఎలెక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూచిరి. 2004లో వారు ప్రకటించిన చిత్రములలో స్తంభములకు బదులు స్ప్రింగులు కనబడినవి. పాలిలాక్టైడు భాగములు స్టైరీను నడుమ చుట్లు చుట్టుకొని, ఆరు మూలల తేనెపట్టు క్రమమున బారులు తీరియున్నవి.

చూచినంతమాత్రమున నమ్ముట శాస్త్రము కాదు. రెండు చేతుల లాక్టికామ్లమును సమముగా కలిపి కట్టిన పాలిలాక్టైడుతో అదే అంటును, అవే పాళ్లలో చేసి చూచిరి. మామూలు స్తంభములే వచ్చినవి, చుట్టు లేదు. కావున చుట్టునకు కారణము చేతితనమే తప్ప, పొడవుగాని, పాళ్లుగాని కాదు. నా దృష్టిలో ఈ పరిశోధనమంతటికిని ప్రాణము ఈ సరిచూపే. అందమైన స్ప్రింగుల బొమ్మ అందరును అచ్చువేయుదురు. దాని ప్రక్కన ఏ విశేషమును లేని ఈ స్తంభముల బొమ్మయే అసలు సాక్ష్యము.

ఇంకొక చిక్కు మిగిలినది. డి జాతితో అంటు కట్టినచో చుట్టు ఎదురుదిక్కు కావలెను గదా. దానిని చూచుట ఎట్లు? ఎలెక్ట్రాను సూక్ష్మదర్శినిలో కనబడునది నీడ వంటి చిత్రము. ఒక కలము స్ప్రింగును దీపము ముందు పట్టి గోడమీద నీడ చూడుడు. అలవలె వంకరలు పోయిన గీత కనబడును. ఎదురు చుట్టు గల స్ప్రింగు నీడయు సరిగా అట్లే యుండును. నీడలో ముందువెనుకలు పోయినవి. వానితోపాటు ఎడమ కుడియు పోయినవి. అందుచేత రుథీనియం టెట్రాక్సైడు ఆవిరి పట్టించి స్టైరీను భాగమును నల్లబరచి, నమూనాను కొద్దికొద్దిగా వాల్చుచు అనేక చిత్రములు తీసి, వానినుండి మూడు కొలతల రూపమును గణనయంత్రముతో తిరిగి కట్టవలసి వచ్చినది. వైద్యశాలలలోని సి.టి. స్కాను సూత్రమే ఇది. 2012లో హో బృందము ప్రకటించిన వ్యాసమున ఈ విధముగా రెండు జాతులను పోల్చిరి. ఎల్ అంటులో చుట్లన్నియు ఒక దిక్కునకు, డి అంటులో చుట్లన్నియు దానికెదురు దిక్కునకు నున్నవి. ఒకే నమూనాలో రెండు దిక్కులును కలిసి లేవు. పరారుణ కాంతితో గొలుసుల మెలికలను కూడ పరీక్షించి, అణువునుండి గొలుసునకు, గొలుసునుండి స్ప్రింగునకు చేతితనము అందినదని నిర్ధారించిరి.

అందినది సరే, ఎట్లు అందినది? గొలుసు చుట్టు ఇంచుమించు ఒక నానోమీటరున తిరిగివచ్చును. పై స్ప్రింగు చుట్టు కొన్ని పదుల నానోమీటర్లకు గాని తిరిగిరాదు. పైది క్రిందిదాని పెద్ద అచ్చు కాజాలదు. ఒక్కొక్క పై చుట్టులో అనేకములైన గొలుసులు ఇరుకుకొని యున్నవి. ఇచ్చట ఒక సులభమైన ఉపమానము పనికివచ్చును. చదునైన పలకలను ఒకదానిపై నొకటి సరిగా పేర్చినచో తిన్నని స్తంభ మగును. ప్రతి పలక అడుగున ఒక చిన్న మెట్ట యుండి, క్రింది పలకమీద కొంచెము కుడివైపునకు తిరిగి కూర్చున్నగాని కుదురుకొనదనుకొనుడు. పలకకు రెండు డిగ్రీలైన చాలును. 180 పలకలకు పూర్తిచుట్టు వచ్చును. ఒక్కొక్క పలకలోని వంకర కంటికి ఆనదు. స్తంభములోని చుట్టు దూరమునకే కనబడును.

చేతితనము గల గొలుసులు ప్రక్కప్రక్కన ఒదుగునప్పుడు ఇట్టి చిన్న కోణమునే కోరును. మరమేకులను రెండింటిని తీసికొని గాడులు ఒకదానిలో నొకటి పడునట్లు ప్రక్కప్రక్కన ఆనించి చూడుడు. అవి సరిగా సమాంతరముగా నుండక కొంచెము ఏటవాలుగా నున్నప్పుడే గాడులు కుదురును. 2013లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున జావో, రస్సెల్, గ్రేసన్ అను మువ్వురు ఈ భావమును గణితముగా పరిష్కరించి, గొలుసు ముక్కల నడుమ ఏటవాలుగా నుండవలెనను కోరిక తగినంత బలముగా నున్నచో తిన్నని స్తంభము తనంతట తానే స్ప్రింగుగా మారుననిరి. అయితే ఆ చుట్టు ఉచితముగా రాదు. స్ప్రింగైనచో స్తంభపు ఉపరితలము పెరుగును. రెండు శత్రు జాతులు ముఖాముఖి తాకు చోటు హెచ్చును. గొలుసులు కొన్నిచోట్ల అధికముగా సాగవలసి వచ్చును. ఏటవాలుగా ఒదిగిన లాభము ఈ నష్టములకంటె హెచ్చైనప్పుడే చుట్టు నిలుచును. ఆ మిగులు స్వల్పమే. అందుచేతనే ఈ స్ప్రింగులను వేడిలో చాలసేపు ఉంచినచో వేరు రూపములకు మారుటయు చూచియున్నారు. పాలిలాక్టైడు స్ఫటికముగా మారునప్పుడు స్టైరీను మెత్తబడి యున్నచో, స్ఫటికము తన దారిని తాను పోయి చుట్టును చెరుపును. స్టైరీను గట్టిబడి యున్నచో చుట్టు చెరగక మిగులును.

పురి పై మెట్టు ఎక్కుటకు ఇదొక్కటే మార్గము కాదు. గొలుసు ఒక్కటియే యైనను, అందు చేతితనము ఒక ముడినుండి మరియొక ముడికి ప్రాకు తీరు వేరు. 1989లో అమెరికాలో మార్క్ గ్రీన్ బృందము పాలిఐసోసయనేటు అను బిరుసైన గొలుసులో ఎడమ కుడి లేని ముడుల నడుమ, చేతితనము గల ముడులను బహు కొద్దిగా చేర్చిరి. ఆ కొద్దియే గొలుసు నంతటిని తమ దిక్కునకు త్రిప్పుకొనినవి. సైనికులనేకులు, సార్జెంట్లు కొందరు. వారు నడచిన దారినే వీరును నడచిరని దీనికి పేరు పెట్టిరి. ఒక్కసారి చుట్టుకొనిన దిక్కును నడుమ మార్చుకొనుట ఆ గొలుసునకు కష్టము గనుక ఇట్లు జరుగును.

మన హైదరాబాదులో తార్నాక యొద్దనున్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీలో జరిగిన పని దీనికి మరియొక ముఖము. అచ్చట జి. వి. ఎం. శర్మ, ఎ. సి. కున్వర్ గార్లును, వారి సహచరులును చక్కెర భాగములు తగిలించిన బీటా-ఆమైనో ఆమ్లములతో పొట్టి గొలుసులు కట్టిరి. ఒకే చేతివి వరుసగా కట్టక, ఒకటి ఈ చేయి, ఒకటి ఆ చేయిగా మార్చిమార్చి కట్టిరి. ఎడమ కుడి కలిసినచో చుట్టు చెదరునని తోచును. 2003లో వారు ప్రకటించిన ఫలితము దానికి విరుద్ధము. పది పరమాణువుల వలయము ఒకటి, పండ్రెండు పరమాణువుల వలయము ఒకటి వంతున ఉదజని బంధములు ఏర్పడి, గట్టి సర్పిలము నిలిచినది. పాలిలాక్టైడులో కలగాపులగము చుట్టును చెరిపినది. ఇచ్చట క్రమము తప్పని కలయిక చుట్టును నిలిపినది. చేతుల సంఖ్యకంటె వాని వరుస ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

త్రాటిలో చూచిన ఎదురు పురి కూడ అణువులలో లేకపోలేదు. చర్మమునకు, నరములకు, ఎముకలకు బలమిచ్చు కొల్లాజెన్ అను ప్రోటీను నిర్మాణమును 1954లో మద్రాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా గార్లు ప్రతిపాదించిరి. అందులో మూడు గొలుసులు కలవు. 1955లో వారు దానిని సవరించి, మూడు పేటలును మరల ఒకదాని చుట్టు నొకటి పెనవేసికొనినట్లు చూపిరి. ఒక్కొక్క గొలుసుది ఎడమ చుట్టు. మూడును కలిసి పేనుకొనిన త్రాడుది కుడి పురి. లాగినప్పుడు త్రాడు విచ్చుకొనబోయిన కొలది పేటలు బిగియును. తోటలో ముసలి యాయన చెప్పిన మాటయే ఇది. వారు పరీక్షించిన కొల్లాజెన్ నమూనా పొరుగుననే యున్న కేంద్ర చర్మ పరిశోధన సంస్థనుండి వచ్చినది. 1958 మొదలు 1971 వరకు ఆ సంస్థకు డైరెక్టరుగా నుండి, కొల్లాజెన్‌ను చర్మముగా పదునుచేయు రసాయన శాస్త్రమున పేరొందిన యలవర్తి నాయుడమ్మగారు తెనాలి ప్రాంతపు యలవర్రు గ్రామమున జన్మించినవారు.

ఇన్ని తీరులను చూచిన తరువాత, అణువు చేయి తెలిసినచో పై రూపపు పురి ముందే చెప్పవచ్చునా యని అడిగినచో, నేను కాదనియే చెప్పుదును. ఎల్‌నకు డి మార్చినచో పైదంతయు అద్దములోవలె తిరగబడునని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చును. అది లెక్కనుబట్టియే తేలును. ఎల్ అయినచో ఎడమయా, కుడియా యనునది మాత్రము ప్రతి మెట్టునను గొలుసులు ఒదుగు తీరునుబట్టి క్రొత్తగా నిర్ణయమగును. అందుచేత ఒక పదార్థములో చూచిన దిక్కును వేరొక పదార్థమునకు అంటగట్టరాదు.

దీనివలన ప్రయోజన మేమని అడుగువారికి: ఎడమ కుడి మందులను వేరుచేయు జల్లెడలు, వలయ ధ్రువిత కాంతిని కుడి ఎడమలుగా ఏరు పలుచని పొరలు మున్ముందు రావచ్చునని పరిశోధకులు ఆశించుచున్నారు. ఇవి ఇప్పటికి ఆశలే. పత్రికలలో వచ్చు శీర్షికలను చూచి అంగడిలో వెదకరాదు. చేతికి చిక్కినది వేరొకటి కలదు. పాలిలాక్టైడు క్షారజలములో కరగిపోవును, పాలిస్టైరీను కరగదు. కావున ఆ పొరను పలుచని సోడియం హైడ్రాక్సైడు ద్రావణములో నానవేసినచో స్ప్రింగులు కరగి, వాని చోట స్ప్రింగు ఆకారముగల సొరంగములు మిగులును. ఆ సొరంగములలో సిలికాను ద్రవరూపమున నింపి గడ్డకట్టించిరి. ఇసుకయు, గాజును ఏ జాతివో సిలికాయు ఆ జాతిదే. ఆ సిలికాకు తనదైన ఎడమ కుడి లేదు. అయినను ఆ సన్నని సిలికా తీగలన్నియు, తమకు చోటిచ్చి కరగిపోయిన లాక్టికామ్లపు చేతినిబట్టి, ఒకే వైపునకు చుట్టుకొని నిలిచినవి.